వేసి ఉన్న తలుపు: ఒక నవల పని డైరీ

జనవరి 7

మూడో చిత్తుప్రతి చదివిన మా తమ్ముడి భార్య కాగితాల కట్ట తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. కోపంగా ఉంది. "వదినా, ఇతను మొదటి పేజీ నుంచి అబద్ధాలే చెప్పాడని ఆఖరి అధ్యాయంలో తేల్చావు. ఇక నేను వెనక్కి వెళ్లి ఏ వాక్యాన్ని పట్టుకోవాలి? ఏదీ నిలవదు కదా" అంది.

జవాబు చెప్పలేకపోయాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రెస్సులో ఇతరుల పుస్తకాల ప్రూఫులు దిద్దే నాకు, నా పుస్తకంలోని ఇంత పెద్ద తప్పు మూడు ప్రతులు రాసినా కనిపించలేదు.

ఇది పని పుస్తకం కాబట్టి గుట్టు దాచకుండా రాస్తాను. కథ చెప్పేది సాంబమూర్తి, యాభై ఎనిమిదేళ్ల దస్తావేజు లేఖరి. విజయవాడ కృష్ణలంకలో నదికి దగ్గరగా అమ్మ కట్టించిన ఇల్లు వాళ్లది. 2009 అక్టోబరు 5 రాత్రి, కృష్ణకు వరద వచ్చినప్పుడు, అతని అన్న రామలింగం కనిపించకుండా పోయాడు. వదిన, పిల్లలు అప్పటికే పునరావాస శిబిరానికి వెళ్లారు. ఇంటికి కాపలాగా అన్నదమ్ములిద్దరే ఉన్నారు. రామలింగం తన వాటా అమ్మేయాలనుకున్నాడు. అమ్మ ఇల్లు అమ్మే ఆ దస్తావేజును తమ్ముడి చేతనే రాయించాడు. ఆ రాత్రి నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూడటానికి అన్న వెనక మెట్లు దిగాడు. సాంబమూర్తి తలుపు వేసి గడియ పెట్టాడు. నవలలో ఉన్న నేరమంతా ఆ గడియే.

మూడో ప్రతిలో అతను "అన్నయ్య తొమ్మిది గంటలకు గొడుగు తీసుకుని వీధి వైపు వెళ్లిపోయాడు" అని రాస్తాడు. అచ్చమైన అబద్ధం. ఇలాంటివి పద్దెనిమిది లెక్క తేలాయి.

జనవరి 9

లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దగ్గర ఎప్పుడో కొన్న అగథా క్రిస్టీ నవల 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' మళ్లీ తీశాను. 1926 నాటిది. కథ చెబుతున్న డాక్టరే హంతకుడని తెలిసి చదవడం నాకిది నాలుగోసారి. ఈసారి పెన్సిలు పట్టుకుని, హత్య దగ్గర అతను చెప్పిన అబద్ధం కోసం వెతికాను. దొరకలేదు. ఎనిమిదీ నలభైకి ఉత్తరాలు వచ్చాయంటాడు, ఎనిమిదీ యాభైకి తాను గది వదిలి వచ్చానంటాడు. ఆ మధ్య పది నిమిషాల్లో ఏం జరిగిందో చెప్పడు. ఇంకా చేయవలసినదేమైనా మిగిలిందా అని తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశానని మాత్రం రాస్తాడు. చివరి అధ్యాయంలో ఆ చోటును తనే వేలు పెట్టి చూపిస్తాడు.

ఆ పది నిమిషాల ఖాళీని నేను మూడుసార్లు గమనించకుండా దాటిపోయాను. నాలుగోసారి చూసినప్పుడు ఒళ్లు ఝల్లుమంది. నాకు కావలసింది ఇదే. మోసపోయిన పాఠకురాలు వెనక్కి వెళితే, సాక్ష్యం పేజీ మీదే దొరకాలి.

బల్ల మీద గోడకు ఒక కాగితం అంటించాను: "సాంబమూర్తి రాసే ఏ వాక్యమూ అబద్ధం కాకూడదు."

జనవరి 18

ఈ నియమం పెట్టుకున్నాక పని ముందుకు సాగలేదు. తొమ్మిది రోజుల్లో నాలుగు పేజీలు. అబద్ధం తీసేసిన ప్రతిచోటా నిజం పైకి వచ్చేస్తోంది. ఈ మనిషి నిజాన్ని ఎలా దాస్తాడో నాకు తెలియడం లేదు, ఎందుకంటే అతని వృత్తి నాకు పైపైనే తెలుసు.

గవర్నరుపేటలో ఉంటున్న బాబాయి దగ్గరికి వెళ్లాను. ముప్పై నాలుగేళ్లు దస్తావేజులు రాసిన మనిషి. పాత క్రయ దస్తావేజు నకలు ఒకటి తీసి గట్టిగా చదివారు. సంవత్సరం, తేదీ, ఇచ్చేవారు, పుచ్చుకునేవారు, వయస్సు, వృత్తి, నివాసం. ఆ తరువాత ఆస్తి ఎవరి నుంచి ఎలా వచ్చింది. చివర హద్దులు: తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. పంక్తి చివర ఖాళీ మిగిలితే తరువాత ఎవరూ ఏదీ ఇరికించకుండా అడ్డగీత కొడతారు. ఎక్కడైనా కొట్టివేతగానీ దిద్దుబాటుగానీ ఉంటే రాసి ఇచ్చినవారు దాని పక్కన సంతకం చేయాలి. లేకపోతే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రారు ఆ కాగితాన్ని తిప్పి పంపవచ్చు. సంతకాలైన తేదీ నుంచి నాలుగు నెలల్లోగా రిజిస్ట్రేషనుకు దాఖలు చేయాలి. తప్పనిసరి కారణం ఉంటే మరో నాలుగు నెలలు, జరిమానాతో.

నవలలో రామలింగం సంతకం చేసిన దస్తావేజు సాంబమూర్తి ట్రంకు పెట్టెలోనే ఉంది. ఆ ఎనిమిది నెలలూ అతను ఏం చేశాడో నాకు అక్కడే, బాబాయి గారి అరుగు మీదే తెలిసిపోయింది. రోజులు లెక్కపెట్టాడు. గడువు దాటిన రోజున అతని డైరీలో "ఈ రోజు స్టవ్వు బాగు చేయించాను" అని మాత్రం ఉంటుంది.

లేవబోతుంటే బాబాయి అన్నారు: "దస్తావేజులో అబద్ధం రాస్తే దాన్ని పట్టుకునేవాళ్లు ఉంటారు తల్లీ. రాయకుండా వదిలేసినదాన్ని పట్టుకోవాలంటే, అక్కడ ఒకటి ఉండాలని ముందే తెలిసినవాడు చదవాలి."

జనవరి 27

ఆ మాట పట్టుకుని నాలుగో అధ్యాయం మొదటినుంచి రాశాను. సాంబమూర్తికి ఏ చోటునైనా హద్దులతో చెప్పే అలవాటు. టీ దుకాణాన్ని అలాగే చెబుతాడు, కోర్టు వరండాను అలాగే చెబుతాడు, వదిన అద్దెకున్న వాటానూ అలాగే చెబుతాడు. మూడుచోట్లా నాలుగు దిక్కులూ వస్తాయి. వరద రాత్రి తన ఇంటి వెనక గదిని చెప్పేటప్పుడు తూర్పున బీరువా, పడమర అమ్మ మంచం, ఉత్తరాన వంటిల్లు. దక్షిణం లేదు. దక్షిణాన నది ఉంది, నదికి ముందు ఆ తలుపు ఉంది.

మొదట ఈ మూడు దిక్కులనూ విడివిడి పంక్తులుగా పెట్టాను. ప్రూఫులు దిద్దే కంటికి లోపం వెంటనే కొట్టొచ్చినట్టు కనిపించింది. అందుకే ఒకే పొడవాటి వాక్యంలో కలిపి, మధ్యలో అమ్మ మంచం గురించి రెండు మాటలు ఎక్కువ రాశాను. ఆ మంచానికి నవారు అన్నే అల్లాడు. చదివేవారి మనసు అక్కడ చిక్కుకుంటుంది, దిక్కు జారిపోతుంది.

ఫిబ్రవరి 2

ఇన్నాళ్లూ నా చేతిలోనే ఉన్న పనిముట్టును ఈ రోజు చూశాను.

మనం కళ్లతో చూసినదానికి "వెళ్లాడు" అంటాం. ఎవరో చెప్పగా విన్నదానికి "వెళ్లాడట" అంటాం. ఆ ఒక్క "ట"తో మాట బాధ్యత మన మీద నుంచి దిగిపోతుంది. చిన్నపిల్లలకు కూడా ఈ తేడా తెలుసు. ఇంగ్లీషులో రాసే నవలాకారుడు దీనికోసం వేరే మాటలు జోడించాలి. మనకు క్రియ చివరే అతుక్కుని ఉంది.

సాంబమూర్తి ఇప్పుడు ఇలా రాస్తాడు: "అన్నయ్య తొమ్మిది గంటలప్పుడు గొడుగు తీసుకుని వెళ్లాడట." ఇది అబద్ధం కాదు. శిబిరంలో వదిన అందరికీ ఇదే చెప్పింది, వీధివాళ్లు ఇదే అనుకున్నారు. వదినకు ఎవరు చెప్పారు? సాంబమూర్తే చెప్పాడు. తను బయటికి వదిలిన మాట ఊరంతా తిరిగి వచ్చాక, దాన్నే విన్నట్టు రాసుకుంటున్నాడు. గోడ మీది నియమం చెడలేదు. ఆ వాక్యం పుట్టిన గంట తరువాత కూడా నా చేతులు చల్లగానే ఉన్నాయి.

దాంతో నవలంతటికీ ఒక కట్టుబాటు పెట్టాను. తను నిజంగా విన్న సంగతులను అతను "వదిన చెప్పింది", "టీ దుకాణం ఆయన చెప్పారు" అని మనుషుల పేరుతో చెబుతాడు. "ట" వచ్చిందంటే అతను అక్కడ ఉన్నట్టే. ముగింపు తెలిశాక వెనక్కి వచ్చినవారికి ఆ అక్షరమే వేలిముద్ర.

రాత్రి కంప్యూటర్‌లో వెతుకులాట. "ట" అని వెతికితే ప్రతి పంక్తీ వెలిగిపోతోంది. "డట" అని వెతికితే "చూడటం", "ఆడటం" వచ్చాయి. "నట" అంటే "నటన" వచ్చింది. "దట" అంటే "దట్టమైన" వచ్చింది. చివరికి కాగితాల మీదే ఎర్ర సిరాతో, ఆకుపచ్చ సిరాతో గుర్తులు పెట్టాను. మొత్తం 61 చోట్ల అలవాటు కొద్దీ వాడిన "ట"లు ఉన్నాయి. వాటిలో నలభైకి పైగా తీసేయాలి. లేకపోతే పాఠకులు అది వట్టి మాట్లాడే తీరు అనుకుని వదిలేస్తారు.

ఒక్కచోట మాత్రం ప్రథమ పురుష దాటి వెళ్లాను. "అప్పటికి నేను నిద్రపోయానట." తన నిద్ర గురించి తనే విన్నట్టు చెప్పే మనిషి! ఈ వాక్యాన్ని పదకొండో అధ్యాయం నడుమ ఉంచాను. అక్కడ ఆగినవారు ఆగుతారు.

ఫిబ్రవరి 6

ఆ రాత్రి చప్పుడు గురించి. అన్న తలుపు కొట్టాడు, అరిచాడు. "అరిచాడు" అంటే గుట్టు పోయినట్టే. క్రియలో కర్త దాక్కోలేడు. చివరి అక్షరం ఆడో మగో చెప్పేస్తుంది. "అరుపు వినిపించింది" అంటే అరుపే కర్త అయింది, మనిషి మాయమయ్యాడు. వరదలో వీధంతా అరుపులే కాబట్టి అనుమానం రాదు. "తలుపు దగ్గర చప్పుడు వినిపించింది. తెల్లవారుజామున ఆగింది." అంతకు మించి ఒక్క మాట కూడా కలపను.

అలాగే "తలుపు వేశాను" అనడు. "తలుపు వేసి ఉంది" అంటాడు. నవలకు పేరు దొరికింది.

ఫిబ్రవరి 15

కృష్ణలంక వెళ్లాను. ఇప్పుడు నది పొడవునా రక్షణ గోడ ఉంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చినప్పుడు ఆ గోడే ఈ వీధులను కాచింది. నా కథ గోడ లేని కాలానిది. గోడ పక్కన నిలబడి, అది లేనట్టు ఊహించుకోవడం కష్టమైంది. ఒక పెద్దావిడ తన ఇంటి గోడ మీద 2009 నీటి చార చూపించారు. సున్నం వేసినా తేమ గుర్తు పోలేదు.

ఆవిడ మాటల్లోనే నా ఆరో అధ్యాయం కూలిపోయింది. మోకాలి లోతు నీళ్లలో సాంబమూర్తి తలుపు వేసినట్టు రాశాను. "బయట అంత నీరు ఉంటే లోపలికి తెరుచుకునే తలుపును ఒక్కడు మూయలేడమ్మా, నీరు తోసేస్తుంది" అన్నారు. నిజమే. అంటే నీళ్లు గడప దాకా రాకముందే, ఇంకా రెండు మెట్లు కిందుండగానే అతను తలుపు వేసి ఉండాలి.

ఇంటికి వచ్చే దారిలో, బస్సులో, ఆ మార్పుకు అర్థం తెలిసింది. నీళ్లు మోకాలి దాకా ఉన్నప్పుడు వేస్తే అది భయంలో జరిగిన పని. రెండు మెట్లు కింద ఉన్నప్పుడు వేస్తే, గడియ తీయడానికి అతనికి చాలాసేపు సమయం ఉంది. ఆ సమయమంతా అతను అమ్మ మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను ఇన్నాళ్లుగా రాస్తున్న మనిషి నాకు ఈ రోజు పూర్తిగా తెలిశాడు. తెలియకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

ఇంకొకటి. ఏడేళ్లుగా ఎవరికీ కబురు తెలియని మనిషి చనిపోయినట్టు కోర్టు భావించవచ్చని 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షను చెప్పేది. రామలింగం విషయంలో ఆ ఏడేళ్లు 2016 అక్టోబరుకు నిండుతాయి. కృష్ణా పుష్కరాలు ఆ ఏడాది ఆగస్టు 12 నుంచి 23 వరకు. సాంబమూర్తి పద్మావతి ఘాట్‌లో అన్నకు పిండం పెట్టాడు. కనిపించకుండా పోయినవారి కోసం పన్నెండేళ్లు ఎదురుచూడాలని పెద్దలు అంటారు. చట్టం అడిగే ఏడేళ్లకు కూడా ఇంకా దాదాపు రెండు నెలలు ఉన్నాయి. జీవితమంతా గడువులు లెక్కపెట్టిన మనిషి ఈ ఒక్క లెక్క తప్పాడు. అన్న తిరిగి రాడని అంత ఖాయంగా ఎవరికి తెలుస్తుంది?

ఫిబ్రవరి 23

ఏడేళ్లుగా "ట" చేర్చి చెప్పుకుంటున్న మనిషి చివరికి దాన్ని నమ్ముతాడా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

1974లో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగం గురించి మళ్లీ చదివాను. కార్ల ప్రమాదం ఉన్న చిన్న ఫిల్ము చూపించి, కొందరిని "కార్లు గుద్దుకుని నుజ్జయినప్పుడు ఎంత వేగంతో ఉన్నాయి?" అన్నట్టు అడిగారు, ఇంకొందరిని "తగిలినప్పుడు" అన్నట్టు అడిగారు. వారం తరువాత పగిలిన గాజు కనిపించిందా అంటే, మొదటి రకం ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది అవునన్నారు, రెండో రకం విన్న 50 మందిలో 7 గురు అవునన్నారు. ఫిల్ములో గాజు పగలనే లేదు. ఒక్క క్రియాపదం మారితే లేని గాజు పగిలింది.

వెంటనే పోలీసు విచారణ అధ్యాయం తిరగరాశాను. పాత ప్రతిలో సబ్ ఇన్‌స్పెక్టరు "మీ అన్న బయటికి వెళ్లాడా?" అని అడుగుతాడు. ఇప్పుడు "మీ అన్న ఎన్నింటికి వెళ్లాడు?" అంటాడు. వెళ్లాడన్నది ప్రశ్నలోనే ఖాయమైపోయింది. సాంబమూర్తి గడియారం వైపు చూస్తాడు. పక్కింటాయన "తొమ్మిదయి ఉంటుంది" అంటాడు. కాగితం మీదికి ఎక్కుతుంది.

1961లో నమ్మదగని కథకుడు అన్న మాటను విమర్శలో స్థిరపరచిన అమెరికన్ సాహిత్య విమర్శకుడు వేన్ బూత్, అబద్ధాలు చెప్పడమే దానికి కొలత అనలేదు. పుస్తకం నిలబెట్టే విలువలకు కథకుడు ఎంత దూరంగా ఉన్నాడన్నదే కొలత అన్నాడు. నాకు ఇది అక్షరాలా పనికి వచ్చింది. సాంబమూర్తి వాక్యాలన్నీ నిజం. ఆ తలుపు వేయడాన్ని అతను ఒక్కసారి కూడా తన చేతి పనిగా తలచుకోకపోవడమే ఆ దూరం.

మార్చి 3

వారమంతా ప్రెస్సులో పరీక్షల గైడ్ల ప్రూఫులు. నవల ముట్టుకోలేదు.

మార్చి 14

రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది. తమ్ముడి భార్య.

"వదినా, దక్షిణం ఏది?"

నేను మాట్లాడలేదు. "నాలుగో అధ్యాయంలో, వెనక గదికి. మిగతా చోట్ల నాలుగు దిక్కులూ చెప్పాడు. ఇక్కడ చెప్పలేదు. నేను వెనక్కి వెళ్లి మూడుసార్లు చూశాను" అంది. గొంతులో జనవరి నాటి కోపం లేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ట" సంగతి ఆమె పట్టుకోలేదు, కానీ "విన్నానంటాడు గానీ ఎవరి దగ్గర విన్నాడో చెప్పడు, అక్కడక్కడా భయం వేసింది" అంది. అది చాలు. పిండం ఘట్టంలో మాత్రం పురోహితుడి చేత పన్నెండేళ్ల మాట రెండుసార్లు అనిపించడం ఎక్కువైందని చెప్పింది. ఒకసారి తీసేశాను. ముగింపు తనకు నచ్చలేదు. మూడు పేజీల ఒప్పుకోలు. "ఇంతకాలం దాచినవాడు ఒక్కసారిగా ఇంత మాట్లాడతాడా?" అంది.

మాట్లాడడు.

మార్చి 20

ఆరు రోజులుగా ఆ మూడు పేజీలను కోస్తూ వచ్చాను. రెండయ్యాయి, ఒకటయింది, ఒక పేరా అయింది. ఈ రోజు బాబాయి చూపించిన నకలు మళ్లీ చూస్తుంటే, మార్జిన్‌లో కొట్టివేత, దాని పక్కన సంతకం కనిపించాయి.

సాంబమూర్తి ఒప్పుకోడు. దిద్దుతాడు. నవల మొత్తం అతను రాసుకున్న కాగితమే కాబట్టి, చివరి పేజీలో వరద రాత్రి వాక్యం మరోసారి వస్తుంది: "తలుపు వేసి ఉంది." అందులో "వేసి ఉంది" మీద అడ్డగీత. పైన "వేశాను". పక్కన పొట్టి సంతకం. కింద, దస్తావేజు అలవాటు ప్రకారం, "కొట్టివేత ఒకటి" అని లెక్క.

క్రియ చివర ఉన్న "ను" ఒక్కటే ఒప్పుకోలు. రాయడానికి ఒక నిమిషం పట్టింది.

ఏప్రిల్ 4

మొదటి ప్రూఫ్ వచ్చింది. డీటీపీ చేసిన అబ్బాయి మంచి పనివాడు, తప్పులు తక్కువ. చివరి పేజీ తిప్పాను. అడ్డగీత లేదు, సంతకం లేదు, కొట్టివేతల లెక్క లేదు. అది నా దిద్దుబాటు అనుకుని శుభ్రంగా సవరించి పెట్టాడు: "తలుపు వేశాను."

ఎర్ర పెన్ను తీసి, "వేసి ఉంది" మళ్లీ రాసి, దాని మీద గీత గీసి, పైన "వేశాను" రాసి, మార్జిన్‌లో పెద్ద అక్షరాలతో రాశాను: ఇది ప్రూఫు తప్పు కాదు. కొట్టివేత కొట్టివేతగానే అచ్చు కావాలి. పక్కన సంతకం పెట్టి పంపించాను.